విత్తనానికి విడిచిన పందికొక్కు

రంజాన్ పండుగ వెళ్ళిన మూడో మంగళవారం, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు నేను ఒక కాయితం మీద వేలిముద్ర వేశాను. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు కానీ గడియారం చూడడం వచ్చు. ఫోర్‌మన్ వర్గీస్ నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దుతుంటే వాడి చేతి గడియారం నా ముక్కు కిందే ఉంది. కాయితం అరబ్బీలో ఉంది. చదువు రానివాణ్ణి, అందులో ఏం రాశారో నాకేం తెలుసు అని ముప్పై ఏళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ముద్ర వేయించే ముందు వర్గీస్ దాన్ని హిందీలో చెప్పాడు. పోశాగౌడు జంతువుల జాలీ తలుపు తెరిచి వదిలేశాడు, ఒకటి తప్పించుకుపోయింది, ఇది మేము కళ్ళారా చూశాం అని అందులో ఉంది. మేము ఎవరమూ ఏమీ చూడలేదు. ఆ తలుపు ఎప్పుడూ తెరిచి ఉండలేదు. ఆ జంతువును బయటికి వదిలింది నేను.

ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన శుక్రవారం పోశాగౌడు కొడుకు శ్రీకాంత్ నన్ను వెతుక్కుంటూ, ఈ అరబ్బు దేశంలో నేనుండే బర్కా వచ్చాడు. రుసైల్‌లో ఒక గోదాములో పని చేస్తాడు. తండ్రి పోయి ఏడాది తిరిగాకే విమానం ఎక్కాడట. బస్సు దిగి ఎండలో తోటల వెంట నడిచి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చేతిలో చింతకాయ తొక్కు డబ్బా ఉంది, మూతకు దారం చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టి. వాళ్ళమ్మ చేతి కట్టు అది, చూడగానే తెలిసింది. నీళ్ళు తాగి, మంచం మీద కూర్చుని, చాలా మామూలుగా అన్నాడు.

"బాపు ఎప్పుడు నీ ముచ్చటనే చెప్పెటోడు పెద్దబాపు. గా దేశంల నా దిక్కు మాట్లాడింది మల్లన్న ఒక్కడేనని."

నేను డబ్బా మూత విప్పుతున్నవాణ్ణి మళ్ళీ పెట్టేశాను. వాడికి అన్నం పెట్టాను, నేను తినలేదు. కడుపులో మంట అన్నాను.

పోశాగౌడుది మా పక్క ఊరే, జగిత్యాల దిక్కు. రెండు ఊళ్ళకూ మధ్య ఒక వాగు. మేము వడ్డెరలం, మట్టి తవ్వడం, రాయి కొట్టడం, గట్టు కట్టడం మా పని. వాళ్ళు గౌడులు, తాళ్ళెక్కి కల్లు గీసేవాళ్ళు. ఏజెంటు మా ఇద్దరినీ ఒకే వీసా మీద తోటపనికి పంపాడు. యజమాని ఖల్ఫాన్ అర్బాబు తోటలో దిగిన వారానికే ఎవరి పని వాళ్ళకు దొరికిపోయింది. కాలువలు, మళ్ళు, గట్లు నావి. ఖర్జూర చెట్లు పోశానివి. ఈతచెట్టుకు గౌడులు వాడే మోకులాంటి తాడే ఇక్కడా ఉంది, నడుము చుట్టూ చెట్టు చుట్టూ వేసుకుని ఎక్కేది. మొదటి రోజు వాడు దాన్ని చేత్తో నలిపి చూసి, ముడి మార్చి, గబగబా పైకి పోతే అర్బాబు తల పైకెత్తి నవ్వాడు. మట్టి మోసేవాణ్ణి చూసి ఎవడూ నవ్వడు కదా, నాకు కొంచెం కుళ్ళు పుట్టింది. అది కూడా రాయాలి, లేకపోతే ఈ రాతకు అర్థం లేదు.

రేకుల రూమ్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం, నేను, పోశం, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన రఫీక్. వర్గీస్ మలయాళీ, వాడికి వేరే గది, కూలరు. మా గది పక్కనే పశువుల దాణా కోసం ఎండబెట్టిన చిన్న చేపల కుప్ప ఉండేది. ఆ వాసన మొదటి నెల అన్నంలోకి, దుప్పట్లోకి, నిద్రలోకి కూడా వచ్చింది, తర్వాత తెలియకుండా పోయింది. పొద్దున నాలుగింటికి పంపు మోటారు మొదలయ్యేది. పోశం లేచి ముందు చాయ పెట్టేవాడు. నాకు చక్కెర ఎక్కువ కావాలి, అడగకముందే వేసేవాడు. పప్పు నేను వండేవాణ్ణి, రొట్టె రఫీక్ చేసేవాడు. శుక్రవారం పోశం తల వెంట్రుకలకు నూనె పట్టించుకుని గూడులో ఉన్న ఎల్లమ్మ బొమ్మ ముందు అగరుబత్తి వెలిగించి, ఆ పొగనే రఫీక్ చాప దగ్గర కూడా ఒకసారి తిప్పేవాడు. రఫీక్ ఏమీ అనేవాడు కాదు.

అర్బాబుకు జంతువుల పిచ్చి. జింకలు, నెమళ్ళు, బాతులు. బాతుల కోసం తోట మూలన నాతో మట్టి గుంట ఒకటి తవ్వించి చుట్టూ జాలీ కట్టించాడు. ఒకరోజు ఆయన స్నేహితుడెవరో పైదేశం నుంచి తెచ్చారని రెండు జంతువుల్ని పెట్టెలో దింపారు. బలిసిన పిల్లి కన్నా పెద్దవి. మొహం పందికొక్కుది. గోధుమరంగు బొచ్చు, తెల్ల మీసాలు, వెనక కాళ్ళ వేళ్ళ మధ్య బాతుకున్నట్టు తోలు, తోక మాత్రం గుండ్రటి ఎలుక తోక. నోరు తెరిస్తే ముందు పళ్ళు నారింజ రంగులో ఉన్నాయి. అర్బాబు ఏదో పేరు చెప్పాడు, మాకు నోరు తిరగలేదు. మేము నీటి పందికొక్కు అన్నాం. మొన్న శుక్రవారం, అన్నానికి ముందు నేను ఆనవాళ్ళు చెబితే, శ్రీకాంత్ ఫోనులో చూసి న్యూట్రియా అని చెప్పాడు. అమెరికా ఖండం దక్షిణం వైపు పుట్టాయట, బొచ్చు కోసం దేశదేశాలూ మోసుకుపోయి పెంచారట, బొచ్చు బేరం పడిపోగానే ఎక్కడివక్కడ వదిలేస్తే నదుల గట్లన్నీ తొలిచేశాయట. అంటే ఈ తప్పు చేసిన మొదటివాణ్ణి నేను కాదు. అది విని నాకేమీ ఊరట కలగలేదు.

సాయంత్రం వాటికి, ఇక్కడివాళ్ళు గత్ అనే పచ్చగడ్డి వేసి తాళం వేసే డ్యూటీ పోశానిది. తాళంచెవి వాడి మొలతాడుకు ఉండేది. ఏడాది తిరిగేసరికి రెండు పదకొండయ్యాయి. పిల్లలు కళ్ళు తెరుచుకునే, బొచ్చుతోనే పుట్టేవి, ఆ రోజే ఈదేవి. తల్లి రొమ్ములు కడుపు కింద కాకుండా పక్కటెముకల పైకి ఉండేవి, అది నీళ్ళలో తేలుతుంటే పిల్లలు పక్కన ఈదుతూనే పాలు తాగేవి. పోశం గడ్డి వేసి అలాగే నిలబడి చూసేవాడు. కానీ అవి ఒక ముద్ద తిని పది ముద్దలు పాడుచేసేవి. అర్బాబు కొత్తగా నాటించిన ఖర్జూర పిలకల వేళ్ళు జాలీ కింది నుంచి తవ్వి కొరికేశాయి. ఆయన భార్యకు వాటి తోక చూస్తేనే కంపరం. చివరికి వర్గీస్ వచ్చి, అన్నిటినీ చంపి పూడ్చేయమని అర్బాబు అన్నాడు, మీ ఊళ్ళో ఎలుకలు పట్టేవాడివి కదా, నువ్వే చెయ్యి అన్నాడు. ఆ గొప్ప నేనే చెప్పుకున్నాను, రూమ్‌లో కూర్చుని.

నిజంగానే నాకు ఆ పని చిన్నప్పటి నుంచీ వచ్చు. వరి కోతలయ్యాక మా నాయన నన్ను పొలాల గట్ల మీదికి తీసుకుపోయేవాడు. చిల్లు పెట్టిన కుండలో గడ్డి కూరి, నిప్పు పెట్టి, మూతి కలుగుకు ఆనించి ఊదేవాడు. ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి, కల్లు వల్లనో పొగ వల్లనో చెప్పలేం. పొగకు మత్తెక్కిన ఎలుకల్ని భుజం దాకా చెయ్యి పెట్టి లాగేవాడు. కలుగులో అవి దాచుకున్న వడ్లు మా అమ్మ చీర కొంగులో పోసుకునేది. ఆ వడ్లు దంచితే బియ్యానికి మట్టి వాసన ఉండేది. బొచ్చు కాల్చిన వాసన, పసుపు, ఉప్పు, ఆ రాత్రి మా వాడకు పండుగే. అయితే నాయనకు ఒక అలవాటు. ప్రతి గట్టుకూ చివర, చేతికి చూలు ఎలుక తగిలితే కడుపు నొక్కి చూసి, తిరిగి కలుగులోకి తోసి, మట్టి వదులుగా కప్పేవాడు. ఆకలిగా ఉన్న రోజు కూడా. ఒకసారి ఎందుకని అడిగితే, "ఇత్తునానికి ఇడువాలెరా. అన్ని వడితే వచ్చే కారుకు మనకేముంటది" అన్నాడు. మా వాడలో అందరూ అంతే. అది దయ కాదు. పొలంలో ఎలుక మా తిండి కాబట్టి, ఎలుకను తినే పాము, గుడ్లగూబ, మేము అందరం ఉన్నాం కాబట్టి ఆ విత్తనం లెక్కలో ఉండేది.

ఇక్కడ దాన్ని తినేవాడెవడూ లేడు. ఆ ఆలోచన నాకు రాలేదు.

మూడు రోజులు చంపాను. గుంట నీళ్ళు తోడేసి, గోనెసంచి పరిచి, గుదియతో కొట్టాను. అవి పిల్లల ఏడుపులాంటి గొంతుతో అరిచేవి. పోశం గొయ్యి తవ్వి పూడ్చేవాడు. మొదటిరోజు నన్ను ఆటపట్టించాడు, "ఏం మల్లన్నా, ఇయ్యాల మీ ఇంటి కూరనా? గిన్నె అలగ్ వెట్టుకో" అని. రెండో రోజు ఏమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం ఒకటే మిగిలింది. అది గట్టులో బొరియ తవ్వుకుని ఉంది. నేను పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టాను. కడుపు తగిలింది, లోపల పిల్లలు కదిలాయి. ఆ తర్వాత చేసింది నా బుర్ర చేయలేదు, చెయ్యి చేసింది. దాన్ని సంచిలో వేసుకుని, మా తోటకూ పక్క తోటకూ మధ్య రెల్లు పెరిగిన మురుగు కాలువ ఉంటే అక్కడ వదిలాను. అది తిరిగి కూడా చూడలేదు, నీళ్ళలోకి జారిపోయింది. వర్గీస్ అడిగితే అన్నీ ఖతం అన్నాను. ఎన్ని ఉండేవో అర్బాబుకే సరిగ్గా తెలియదు. ఆ రాత్రి బాగా నిద్రపోయాను. నాయన చూస్తే మెచ్చుకునేవాడు అనుకున్నాను.

ఐదారు నెలలకు రెల్లు అడుగున కొరికేసి తేలడం మొదలైంది. బురదలో అడుగులు చూశాను. ఒక్కదాని అడుగులు కావు. అప్పుడైనా వర్గీస్‌కు చెప్పి ఉంటే పోయేది. చెప్పలేదు. ఒక్కణ్ణే పోయి పొగ పెట్టాను. అవి నీళ్ళ కింది దారిలో బయటికి ఈదిపోయాయి, నా పొగ నా మొహానికే కొట్టింది. తర్వాత ఆ వైపు పోవడమే మానుకున్నాను. కాలువ అవతల తోట సాలెం అనే ముసలాయనది. ఆయనకు సిమెంటు తొట్టి లేదు, తాతలనాటి మట్టి గట్టు చెరువు, దాని కిందే ఖర్జూరాలు, మామిడి, నిమ్మ. గట్టు గురించి తెలిసినవాణ్ణి నేను. పందికొక్కు పడిన గట్టు ఏమవుతుందో ఆ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆ మంగళవారం తెల్లారేసరికి గట్టు తెగింది. నీళ్ళన్నీ ఇసుక బాటలోకి పోయాయి. చిన్న చెట్లు వేళ్ళు లేక పక్కకు ఒరిగాయి. సాలెం తిట్టలేదు. కర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని తెగిన చోట కూర్చున్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి, చెయ్యి పెట్టి మట్టి తీసి చూసి వదిలేస్తున్నాడు. రఫీక్ పారతో ఒకదాన్ని కొట్టి తెచ్చి అర్బాబు ముందు పడేశాడు. అర్బాబు దాని పళ్ళు చూశాడు, నన్ను చూశాడు. అన్నీ చచ్చాయని చెప్పింది నువ్వే కదా అన్నాడు వర్గీస్. అప్పుడు నేను అన్న మాట ఇది: "నేను సంపినయి పదకొండు. అంతకుముందే ఏదన్న ఎల్లిపోయిందేమో." తాళం ఎవరి దగ్గర ఉండేదని అడిగాడు. "పోశం దగ్గర," అన్నాను.

అంతే. ఆ రెండు ముక్కలు నేనే అందించాను, కాయితం వాళ్ళు రాసుకున్నారు. పోశాన్ని ఎవరూ పిలవలేదు, అడగలేదు. పక్క తోట పెద్దాయనకు జవాబు చెప్పాలి కాబట్టి అర్బాబుకు ఒక మనిషి కావాలి. వేరే తోటకు పంపుతారేమో అనుకున్నాను. ఇది కూడా ఇప్పుడు అల్లుకున్నదేమో, అప్పుడు అనుకున్నానో లేదో తెలియదు. మూడో రోజు వీసా కొట్టేసి, మళ్ళీ ఈ దేశం రాకుండా చేసి పంపేశారు. బండి ఎక్కే ముందు పోశం తన చాయ గిన్నె నాకిచ్చాడు. నేను తలుపు జాగ్రత్తగానే వేశాను కదా మల్లన్నా, అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఏమో, అన్నాను.

ఊరికి పోయి మళ్ళీ తాళ్ళెక్కాడు. మరుసటి ఏడు శ్రీకాంత్ పుట్టాడు. వాడికి రెండేళ్ళప్పుడు పోశం చెట్టు మీది నుంచి పడ్డాడు, నడుము కింద స్పర్శ మిగల్లేదు. నేను సెలవు మీద పోయినప్పుడు దుప్పటి, నొప్పుల తైలం, ఖర్జూరాలు పట్టుకుని వాళ్ళింటికి పోయాను. వాకిట్లోనే అతని భార్య రాజవ్వ ఎదురుగా నిలబడి, అక్కడ అసలు ఏం జరిగిందన్నా అని అడిగింది. నేను చాలా అడ్డం పడ్డాను, అర్బాబు వినలేదు, అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి చాయ పెట్టడానికి పోయింది. పోశం మంచంలో గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆమె వెళ్ళాక ఇటు తిరిగాడు.

"పది నేనే వూడ్సిన మల్లన్నా. ఎన్ని వూడ్సిన్నో నాకెర్క లేదా."

నేను తెచ్చిన దుప్పటి మడత సరిచేస్తూ కూర్చున్నాను.

"దానికి చెప్పకు," అన్నాడు, లోపలికి చూస్తూ. "నా దిక్కు ఒక్కడన్న నిలవడ్డడని అనుకుంటున్నది. అనుకోనియ్."

అంటే నా అబద్ధాన్ని అతనే ఇరవై ఏళ్ళకు పైగా మోశాడు, పెళ్ళానికి ధైర్యం కోసం, తర్వాత కొడుక్కి కూడా. నేను సెలవుకు పోయిన ప్రతిసారీ దుప్పట్లు పట్టుకుపోయాను. ఆ ఇంట్లో నాకు పీట వేసి, కాళ్ళకు నీళ్ళిచ్చేవాళ్ళు. ఒకసారైనా కొట్టి ఉంటే బాగుండేది.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. భీమవరం దిక్కు నుంచి వచ్చిన ఆసుపత్రి నర్సు, సువార్త అనే అమ్మాయి, శుక్రవారాలు చర్చిలో ప్రార్థన అయ్యాక మాలాంటి వాళ్ళను కూర్చోబెట్టి చెప్పేది. "తాతగారూ, తలకట్టు పెట్టకపోతే ఎలాగండీ, మీ అక్షరాలన్నీ తిరుపతి వెళ్ళొచ్చినట్టున్నాయండీ" అని నవ్వేది. ఈ వయసులో చదువెందుకండీ అని అడిగితే ఇంటికి ఉత్తరం రాయాలన్నాను. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేదెవరు, ఆమె నమ్మలేదు కానీ చెప్పింది. ఆ అరబ్బీ కాయితం ఇప్పుడు దొరికినా నాకు చదవడం రాదు. తెలుగులో నాది నేను రాయగలను, అంతే.

ఇప్పుడు బర్కా అప్పటి బర్కా కాదు. సగం తోటల్లో ఈత కొలనులు కట్టి వారాంతాలకు అద్దెకిస్తున్నారు. బావులు ఉప్పెక్కాయి. ఆ జంతువుల్ని బోన్లు పెట్టి పట్టడానికి మూడేళ్ళు పట్టింది. బోన్లు పెట్టే మనుషులకు బొరియలు చూపించింది నేనే, బాగా పనిచేశావని భుజం తట్టారు. ఇప్పుడు ఒక్కటీ లేదంటారు. రెల్లు కదిలితే నేను ఇప్పటికీ ఆగుతాను. ఈ మధ్య కాకుల్ని, గోరింకల్ని పట్టుకుంటున్నారు, అవి మన వైపు నుంచి ఓడల మీద వచ్చి ఇక్కడి పిట్టల గూళ్ళు పాడుచేస్తున్నాయట. మా కుర్రవాళ్ళు ఆ వీడియోలు చూసి నవ్వుకుంటారు. అప్పట్లో మాకు ఫోనుల్లేవు, ఏ జంతువు ఎక్కడిదో చెప్పేవాళ్ళు లేరు అని నేనూ అనవచ్చు. కానీ తెలియక చేసింది ఒక్కటే, ఆ సాయంత్రం కాలువ దగ్గర. ఆ తర్వాతివన్నీ తెలిసే చేశాను. ఫోను ఉన్నా అవే చేసేవాణ్ణి.

శుక్రవారం శ్రీకాంత్ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక, ఇదంతా చెప్పాను. వాడి తండ్రి దాచమన్నది విప్పుతున్నానని తెలుసు. పోశం మాట ఒక్కటి నిలబెట్టి ఉండవచ్చు, అదీ నిలబెట్టలేదు. ఆ పిల్లవాడు నా కోసం ఎండలో నడిచి వస్తుంటే, ఇక ముందు ప్రతి శుక్రవారం నా మంచం మీద కూర్చుని పెద్దబాపు అంటూ పోతే, నేను మింగలేను. వాడు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక తొక్కు డబ్బా వైపు చూశాడు. వెనక్కి తీసుకుంటాడేమో అనుకున్నాను, తీసుకోలేదు. లేచి చెప్పులు వేసుకుని, గడప దగ్గర ఆగి అడిగాడు.

"గా పొద్దు ఆడ ఎవలెవలుండిరి?"

పెద్దబాపు అనలేదు. నేను ఒక్కొక్కరినీ చెప్పాను. తోట యజమాని ఖల్ఫాన్ అర్బాబు, ఇప్పుడు లేడు. గట్టు తెగిన సాలెం, ఆ ఏడాదే పోయాడు. కాయితం పట్టుకున్న వర్గీస్. హిందీ సరిగా అర్థంకాక, ముద్ర దేనికో తెలియకుండా వేసిన రఫీక్. మా నెత్తిన, పాతిక అడుగుల పైన, నడుముకు తాడు చుట్టుకుని, వర్గీస్ పిలిస్తే వినపడేంత దగ్గర చెట్టు మీద ఆడ గెలలకు మగపూత కడుతూ, పోశాగౌడు, మీ బాపు. ఆ చెట్టు కింద, అతను దిగకముందే ఈ పని అయిపోతే బాగుండునని చూస్తూ, వల్లెపు మల్లయ్య, నేను.